చిల్లుల కార్డు నుంచి చేతిఫోను దాకా: అమెరికా ఓటర్ల జాబితా కథ



సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని సంపాదకవర్గం వారు కోరారు. రాజుల గురించీ, యుద్ధాల గురించీ రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను సర్వీసంతా గుమాస్తాగా గడిపినవాడిని. రిజిస్టర్లు, జాబితాలు, ఇంటిపేర్లు, తండ్రిపేర్లు, ఇవే నాకు తెలిసిన లోకం. అందుచేత ఒక జాబితా చరిత్రే రాస్తున్నాను. అది అమెరికా ఓటర్ల జాబితా.

ఆ దేశం ఊసు మనకెందుకని కొందరు అడగవచ్చు. మన సభ్యుల్లో చాలామంది పిల్లలు, మనవలు అక్కడే ఉన్నారు. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవారికి దేశాధ్యక్షుడి ఎన్నికలో ఓటు లేదు గాని, పౌరసత్వం పుచ్చుకున్న పిల్లలకూ, అక్కడ పుట్టి పద్దెనిమిది నిండిన మనవలకూ ఓటుంది. నాలుగేళ్లకొకసారి అక్కడ ఎన్నికలు వచ్చినప్పుడు సాయంత్రం వాకింగులో మనకూ అదే చర్చ. ఫలానా ఆయన కంప్యూటర్ల వల్ల గెలిచాడనీ, మరొకాయన ఫేస్‌బుక్ వల్ల గెలిచాడనీ అనుకుంటూ ఉంటాం. యంత్రం ఓటు వేయదు కదా, వేసేది మనిషే. మరి యంత్రం చేసిన పని ఏమిటి? మొదట మనుషుల్ని లెక్కపెట్టింది. తరువాత ఎవరు ఎటు మొగ్గుతారో ఊహించింది. ఆపైన ఆ మొగ్గును తిప్పడానికి పూనుకుంది. ఈ మూడు మెట్లూ ఎలా వచ్చాయో, అందులో మన వయసువారి స్థానం ఏమిటో నాకు తెలిసినంతలో చెబుతాను.

తలల లెక్క

అమెరికా వారు 1787లో రాసుకున్న రాజ్యాంగంలోనే పదేళ్లకొకసారి జనాభా లెక్కలు తీయాలని పెట్టుకున్నారు. ప్రతినిధుల సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని స్థానాలో తేల్చడానికి ఆ లెక్కే ఆధారం. 1790లో తీసిన మొదటి లెక్కలో జనాభా 39 లక్షల పైచిలుకు తేలింది. స్థానాలు పంచేటప్పుడు అయిదుగురు బానిసలను ముగ్గురిగా లెక్క వేశారు. ఆ బానిసలకు ఓటు లేదు. కాని వారి తలలు చూపించి యజమానుల రాష్ట్రాలు ఎక్కువ స్థానాలు తీసుకున్నాయి. లెక్కలో ఉండడం వేరు, హక్కు ఉండడం వేరు అన్న సంగతి ఆ దేశంలో మొదటి జాబితాతోనే బయటపడింది.

హక్కు రావడానికి చాలాకాలం పట్టింది. జాతి, రంగు కారణంగా ఓటు నిరాకరించరాదన్న సవరణ 1870లో వచ్చింది. స్త్రీలకు దేశమంతటా ఓటు 1920లో వచ్చింది. దక్షిణాది రాష్ట్రాల్లో చదువు పరీక్షలనీ, ఓటు పన్నులనీ రకరకాల సాకులతో నల్లజాతివారిని జాబితాకు ఎక్కనివ్వకపోతే, 1965లో ఓటు హక్కుల చట్టం తేవలసి వచ్చింది. పద్దెనిమిదేళ్లవారికి ఓటు 1971లో ఇచ్చారు. అంటే జాబితా పొడవు పెరిగిన ప్రతిసారీ దాని వెనుక ఒక పోరాటం ఉందన్నమాట.

యంత్రం ప్రవేశించింది కూడా ఈ తలల లెక్కలోనే. 1880 జనాభా లెక్కలను చేతితో కూడి తేల్చేసరికి ఏడేళ్లకు పైగా పట్టింది. ఆ కార్యాలయంలో పనిచేసిన హెర్మన్ హోలెరిత్ అనే యువ ఇంజినీరు ఒక ఉపాయం కనిపెట్టాడు. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క అట్టకార్డు. వయసుకొక చిల్లు, ఆడా మగా అన్నదానికొక చిల్లు, పుట్టిన దేశానికొక చిల్లు. కార్డును యంత్రంలో పెడితే చిల్లు ఉన్నచోట విద్యుత్తు ప్రవహించి లెక్కపెట్టే ముల్లు ఒక అంకె ముందుకు జరుగుతుంది. 1890లో ఆరు కోట్లకు పైబడిన జనాభాను ఈ పద్ధతిలో త్వరగా తేల్చేశారు. హోలెరిత్ పెట్టిన కంపెనీ మరికొన్నిటితో కలిసి, 1924లో ఐబిఎం అని పేరు మార్చుకుంది. ఈ చిల్లుల కార్డును పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. నూట పదేళ్ల తరువాత ఇది మళ్లీ వస్తుంది.

ఊహించడం

లెక్కపెట్టడం వచ్చాక మనిషికి ముందే తెలుసుకోవాలన్న తహతహ పుడుతుంది. 1936 ఎన్నికల్లో రూజ్‌వెల్ట్ మీద లాండన్ పోటీ చేశాడు. లిటరరీ డైజెస్ట్ అనే పేరున్న పత్రిక సుమారు కోటి మందికి నమూనా ఓటు కాగితాలు పోస్టు చేసింది. 24 లక్షల దాకా తిరిగి వచ్చాయి. వాటిని కూడి, లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. తీరా చూస్తే అప్పటి 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్‌కే పడ్డాయి. ఇంత పెద్ద లెక్క ఎందుకు తప్పింది? చిరునామాలు చాలావరకు టెలిఫోను పుస్తకాల నుంచీ, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచీ తీశారు. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవారు ఎవరు? కలిగినవారు. పైగా కాగితం నింపి తిరిగి పంపే ఓపిక ఉన్నవారి మాటే లెక్కకు వచ్చింది. అదే ఎన్నికలో జార్జి గాలప్ అనే ఆయన అంతకంటే చాలా తక్కువ మందిని, అన్ని వర్గాలవారూ ఉండేలా ఎంచి అడిగి, రూజ్‌వెల్టే గెలుస్తాడని సరిగ్గా చెప్పాడు. జాబితా ఎంత పొడవన్నది కాదు, అందులో ఎవరు లేరన్నది చూడాలని ఈ ఉదంతం నేర్పింది. నాకు ఈ మొత్తం చరిత్రలో ఇంతకంటే ముఖ్యమైన పాఠం కనబడలేదు.

తరువాత కంప్యూటరు వచ్చింది. 1952 నవంబరు 4 రాత్రి సిబిఎస్ టెలివిజన్ వారు యూనివాక్ అనే కంప్యూటరు చేత ఫలితం చెప్పించాలని ఏర్పాటు చేసుకున్నారు. యంత్రం ఫిలడెల్ఫియాలో ఉంది, ప్రసారం న్యూయార్కులో. సర్వేలన్నీ పోటాపోటీ అంటున్నాయి. కొద్దిపాటి ఓట్లు లెక్క తేలగానే యూనివాక్ ఐసెన్‌హోవర్‌కు 438, స్టీవెన్‌సన్‌కు 93 ఎలక్టోరల్ ఓట్లని అచ్చు వేసింది. అక్కడున్నవారు నమ్మలేక ఆ అంకె బయటపెట్టలేదు. తెల్లవారాక తేలినది 442కు 89. ఆ రాత్రి తరువాత ఎన్నికల వార్తలకు కంప్యూటరు తప్పనిసరి అయింది.

1959లో సైమల్‌మాటిక్స్ అనే సంస్థ పెట్టి, పాత సర్వేల్లోని లక్షకు పైగా ఇంటర్వ్యూలను కంప్యూటరుకు ఎక్కించి, అమెరికా ఓటర్లను 480 రకాలుగా విడదీశారు. ఫలానా ప్రాంతం, ఫలానా మతం, ఫలానా ఆదాయం, ఆడ లేక మగ, పట్నం లేక పల్లె, ఇలా ఒక్కొక్క రకం. ఫలానా విషయం మాట్లాడితే ఏ రకం వారు ఎటు మొగ్గుతారని లెక్కగట్టి 1960లో కెన్నడీ వర్గానికి నివేదికలు ఇచ్చారు. కెన్నడీ సుమారు లక్షా పన్నెండు వేల ఓట్ల తేడాతో బయటపడ్డాడు. ఆ నివేదికల వల్లనే గెలిచాడని చెప్పలేం. కాని ఓటరు అంటే వెంకయ్య, సుబ్బమ్మ అని కాక, ఫలానా నంబరు రకం అని చూడడం అక్కడ మొదలైంది.

రకం నుంచి మళ్లీ ఇంటి చిరునామాకు రావడం మరొకరి పని. 1964లో ఓడిపోయిన గోల్డ్‌వాటర్‌కు చందాలు ఇచ్చినవారి పేర్లు చట్టప్రకారం ప్రతినిధుల సభ కార్యదర్శి కార్యాలయంలో దాఖలయ్యాయి. రిచర్డ్ విగరీ అనే ఆయన అక్కడికి వెళ్లి, మనుషుల్ని పెట్టి, ఆ రిజిస్టర్లలోని పేర్లూ చిరునామాలూ చేత్తో రాయించుకున్నాడు. సుమారు పన్నెండున్నర వేల పేర్లు. వాటిని కంప్యూటరు టేపులకు ఎక్కించి ఉత్తరాలు పంపడం మొదలుపెట్టాడు. ఓడిన మనిషి చందా పుస్తకం నుంచి ఒక పెద్ద ఉద్యమానికి పెట్టుబడి పుట్టింది. రాతపని విలువ తెలియనివారికి ఈ కథ చెప్పవచ్చు.

ఫ్లోరిడాలో పెద్దవారి ఓట్లు

ఇప్పుడు చిల్లుల కార్డు దగ్గరకు తిరిగి వద్దాం. 1960ల నడుమ నుంచి అమెరికాలో అనేక కౌంటీల్లో ఓటుకూ ఆ కార్డే వాడారు. కౌంటీ అంటే మన జిల్లావంటిది. ఎన్నికలు నడిపేది ఢిల్లీలోని మన ఎన్నికల కమిషన్ వంటి ఒకే సంస్థ కాదు, మూడువేలకు పైగా ఉన్న ఆ కౌంటీలూ స్థానిక కార్యాలయాలే. ఎవరి పద్ధతి వారిది.

2000 సంవత్సరంలో బుష్‌కూ, గోర్‌కూ నడుమ తీర్పు ఫ్లోరిడా రాష్ట్రం మీద ఆగింది. రిటైరైన వృద్ధులు వెళ్లి స్థిరపడే రాష్ట్రం అది. అందులో పామ్ బీచ్ కౌంటీలో పెద్దవారికి కనబడాలని పేర్లను పెద్ద అక్షరాల్లో అచ్చు వేశారు. ఉద్దేశం మంచిదే. అక్షరాలు పెరిగేసరికి పేర్లు ఒక పేజీలో పట్టక, పుస్తకం తెరిచినట్టు రెండువైపులా పరచి, చిల్లులు నడుమ పెట్టారు. ఎడమవైపు రెండో పేరు గోర్‌ది. కాని నడుమ వరుసలో రెండో చిల్లు కుడివైపున ఉన్న బుకానన్‌ది, గోర్‌ది మూడోది. తికమకపడి కొందరు బుకానన్‌కు పొడిచారు. అక్కడ ఆయనకు 3,407 ఓట్లు పడితే, అవన్నీ తనవి కావేమోనని ఆయనే టెలివిజన్‌లో అన్నాడు. రెండు చిల్లులు పొడిచినందువల్ల చెల్లకుండా పోయినవి 19 వేలకు పైగా. మరికొన్ని కార్డుల్లో చిల్లు పూర్తిగా తెగక కాగితపు ముక్క వేలాడింది. దాన్ని చాడ్ అంటారు. వేలాడితే ఓటా, గుంట పడితే ఓటా అని అధికారులు భూతద్దం పట్టుకుని కార్డులు చూసిన ఫొటోలు ప్రపంచమంతా చూసింది. డిసెంబరు 12న సుప్రీంకోర్టు తీర్పుతో లెక్కింపు ఆగింది. బుష్‌కు ఆధిక్యం 537 ఓట్లు. దాదాపు అరవై లక్షల ఓట్లలో 537.

అంతకంటే నన్ను కలవరపెట్టినది మరొక జాబితా. నేరస్థులకు ఓటు లేదన్న నిబంధన కింద ఫ్లోరిడాలో ఒక ప్రైవేటు కంపెనీ చేత తొలగించవలసినవారి పేర్లు తయారుచేయించారు. పేరు పూర్తిగా కలవకపోయినా, దగ్గరగా ఉంటే చాలని కంప్యూటరు చేత పోల్పించారు. ఏ నేరమూ ఎరుగనివారి పేర్లు అందులో చేరాయి. వారిలో నల్లజాతివారి పాలు ఎక్కువ. 2001లో అమెరికా పౌరహక్కుల కమిషన్ ఈ సంగతులన్నీ రికార్డు చేసింది. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న ఇద్దరిని తండ్రిపేరు చూడకుండా ఒకరనుకుంటే ఏమవుతుందో పింఛను సెక్షన్లో కూర్చున్న ప్రతి గుమాస్తాకూ తెలుసు. యంత్రానికి ఆ భయం లేదు. చెప్పినట్టు పోలుస్తుంది, అంతే.

ఇంటర్నెట్ రోజులు

2002లో వచ్చిన చట్టంతో చిల్లుల కార్డులు మార్చడానికి డబ్బు ఇచ్చారు. దాంతోపాటు ప్రతి రాష్ట్రమూ తన ఓటర్లందరి జాబితానూ ఒకేచోట కంప్యూటరులో ఉంచాలన్నారు. చాలామంది ఈ రెండో సంగతి గమనించరు. కాని తరువాత జరిగిన దానికి పునాది అదే. అక్కడ చాలా రాష్ట్రాల్లో మన ఎన్యూమరేటరులా ఎవరూ ఇంటికి రారు, ఓటరే నమోదు చేయించుకోవాలి. అతడు ఎవరికి ఓటు వేశాడన్నది రహస్యం. కాని ఏ ఎన్నికలో ఓటు వేశాడు, ఏ ఎన్నికలో వేయలేదు అన్నది రికార్డే. పార్టీలు ఆ రికార్డు తీసుకుని, బజారులో దొరికే వివరాలు, అంటే ఇల్లు సొంతమా అద్దెదా, ఏ పత్రికకు చందాదారు, ఏ కారు ఉంది వంటివి జతచేసి, మనిషికొక మార్కు వేస్తాయి. ఇతడు ఓటుకు వస్తాడా అన్నదానికొక మార్కు, మన పార్టీకి వేస్తాడా అన్నదానికి మరొకటి. తప్పక వచ్చేవాడి తలుపు తట్టనక్కరలేదు, ఎన్నడూ రానివాడి తలుపు తట్టి లాభం లేదు. నడుమనున్నవారి కోసమే ఈ శ్రమంతా.

ఇంటర్నెట్ ఈ శ్రమను తేలిక చేసింది. 1996 అక్టోబరులో టెలివిజన్ చర్చలో తన వెబ్‌సైటు చిరునామా చదివి వినిపించిన బాబ్ డోల్ వయసు అప్పటికి 73 ఏళ్లు. చదవడంలో ఒక చుక్క జారిపోయినా జనం విరగబడి చూశారు. మన వయసువారికి కొత్తవి పట్టుబడవన్నవారికి ఈ మాట చెప్పవచ్చు. 2003లో హోవార్డ్ డీన్ ఇంటర్నెట్‌లో చిన్నచిన్న చందాలు పోగుచేసి దారి చూపాడు. 2008లో ఒబామా ఆ దారిని రాజమార్గం చేశాడు. కోటీ ముప్పై లక్షల ఈమెయిలు చిరునామాలు, ఇంటర్నెట్ ద్వారానే 50 కోట్ల డాలర్ల విరాళాలు ఆయన వర్గం చేతికి వచ్చాయి. ముప్పై లోపు వయసువారిలో నూటికి 66 మంది ఆయనకు వేశారని ఓటు వేసి వచ్చినవారిని అడిగిన సర్వేలు చెప్పాయి. అరవై అయిదు దాటినవారిలో నూటికి 53 మంది మెకెయిన్‌కు వేశారు.

అన్ని యంత్రాలూ ఆడలేదు. 2012లో రామ్నీ వర్గం వారు ఓర్కా అనే ఏర్పాటు చేశారు. పోలింగు కేంద్రాల్లో ఉన్న వేలాది కార్యకర్తలు ఎవరు ఓటు వేశారో చేతిఫోనులో గుర్తుపెడితే, ఇంకా రానివారిని పిలిపించాలన్నది ఉద్దేశం. పోలింగు రోజున ఆ వ్యవస్థ భారానికి తట్టుకోలేక మొరాయించింది. ఎలక్షను డ్యూటీకి వెళ్లిన మన సభ్యులకు నవ్వు రావచ్చు. మన బూతులో పార్టీ ఏజెంటు తన జాబితా కాపీలో పెన్సిలుతో గీతలు కొట్టుకుంటూ, మధ్యాహ్నం అయ్యేసరికి రానివారి పేర్లు చీటీ మీద బయటికి పంపితే, కుర్రాళ్లు రిక్షా పంపి తీసుకువచ్చేవారు. ఆ పనే అది. పెన్సిలు మాత్రం మొరాయించేది కాదు.

2018 మార్చిలో మరొక సంగతి బయటపడింది. ఫేస్‌బుక్‌లోని 8 కోట్ల 70 లక్షల మంది దాకా వివరాలు వారికి చెప్పకుండా కేంబ్రిడ్జి అనలిటికా అనే కంపెనీకి చేరాయి. 2016లో ట్రంప్ ప్రచారానికి పనిచేసిన కంపెనీ అది. ఆ వివరాలు ఎన్ని ఓట్లు తిప్పాయో ఎవరూ రుజువు చేయలేదు. కాని 2019లో ఫేస్‌బుక్ మీద 500 కోట్ల డాలర్ల జరిమానా పడింది. విగరీ రాయించుకున్నది చట్టప్రకారం తెరిచి ఉంచిన రిజిస్టరు. ఇక్కడ తీసుకున్నది మనుషులు స్నేహితులతో చెప్పుకున్న కబుర్లు. తేడా అంతా అక్కడే ఉంది.

మన వయసువారి సంగతి

యువకులు, ఫోన్లు అని ఎంత చెప్పుకున్నా, అక్కడ ఓటు వేసేది ఎక్కువగా పెద్దవారే. 2020 ఎన్నికల్లో 18 నుంచి 24 ఏళ్లవారిలో నూటికి 51 మంది ఓటు వేస్తే, 65 నుంచి 74 ఏళ్లవారిలో 76 మంది వేశారని అక్కడి జనాభా లెక్కల శాఖ చెప్పింది. పింఛను, ముసలివారి వైద్యం అనే రెండు విషయాలను ముట్టుకోవడానికి ఏ పార్టీ అయినా జంకడానికి ఒక పెద్ద కారణం ఇదే.

2000లో అక్కడ 65 దాటినవారిలో నూటికి 14 మందే ఇంటర్నెట్ వాడేవారు. 2021 నాటికి 75 మంది వాడుతున్నారు. కనుక ఇప్పుడు గాలం వేసేది పెద్దవారికే. 2016 ఎన్నికల కాలంలో ఫేస్‌బుక్‌లో అబద్ధపు వార్తలు పంచినవారి మీద జరిగిన ఒక పరిశోధన 2019లో వెలువడింది. ఎక్కువమంది అసలు అటువంటివి పంచనే లేదు. పంచినవారిలో మాత్రం 65 దాటినవారు చిన్నవయసువారికంటే దాదాపు ఏడురెట్లు ఎక్కువ పంచారు. 2024 జనవరిలో న్యూహాంప్‌షైర్‌లో బైడెన్ గొంతును కంప్యూటరు చేత అనుకరింపజేసి, ప్రాథమిక ఎన్నికలో ఓటుకు రావద్దని అర్థం వచ్చేలా వేలాది ఇళ్లకు ఫోన్లు చేశారు. చేయించినవాడికి 60 లక్షల డాలర్ల జరిమానా వేశారు. ఫోను మోగితే ఎత్తి మర్యాదగా వినే అలవాటు ఎవరిది? మనదే.

దీనికి విరుగుడు కూడా ఆ దేశం చూపించింది. చిల్లుల కార్డులు పోయాక కొన్నిచోట్ల కాగితం ఆధారమే లేని యంత్రాలు పెట్టి, అనుమానాలు వచ్చి, మళ్లీ కాగితం వైపు వచ్చారు. 2020లో జార్జియా రాష్ట్రంలో తగాదా వస్తే, సుమారు 50 లక్షల ఓటు కాగితాలను మనుషులు కూర్చుని చేత్తో లెక్కపెట్టారు. యంత్రం చెప్పిన గెలుపే నిలిచింది. తుది ఆధిక్యం 11,779. యంత్రాన్ని కాదనలేదు, గుడ్డిగా నమ్మనూ లేదు. వోచరు లేని ఖాతాను ఆడిట్ ఒప్పుకోదని మనం సర్వీసులో నేర్చుకున్న సూత్రమే అది.

కనుక సభ్యులకూ, వారి కుటుంబాలకూ నా మనవి ఇదే. లిటరరీ డైజెస్ట్ జాబితాలో పేదవారు లేరు. ఫ్లోరిడా జాబితాలో ఉండరానివారి పేర్లు ఉన్నాయి. రెండుచోట్లా నష్టపోయినది తన పేరు తాను చూసుకునే అవకాశం లేని మనిషి. మనకు ఆ అవకాశం ఉంది. ముసాయిదా జాబితా వెలువడినప్పుడు మీ పేరు, మీ ఇంట్లో వారి పేర్లు, తండ్రి లేక భర్త పేరు, వయసు సరిగ్గా ఉన్నాయో లేదో దయచేసి చూసుకోండి. ఇల్లు మారితే మార్పించుకోండి. అమెరికాలో ఉన్న పిల్లలకు ఓటు ఉంటే, నమోదు గడువు దాటనివ్వవద్దని ఫోనులో ఒక మాట చెప్పండి. ఎన్నికల రోజుల్లో ఫోనుకు వచ్చిన వార్తను పదిమందికి పంపేముందు అది ఏ పత్రికలో వచ్చిందో అడగండి. పోలింగు తేదీ మారిందనీ, మీరు రానక్కరలేదనీ ఎవరు ఏ గొంతుతో చెప్పినా బూతుకు వెళ్లి చూడండి.

పార్టీలు మన పేరు పక్కన ఏ మార్కు వేసుకుంటాయో మన చేతిలో లేదు. ఆ పేరు జాబితాలో సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం మన చేతిలో ఉంది.

సెలవు.